పటాన్‌చెరు నల్లి కేసు

అక్టోబర్ ఆఖరు. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. నల్లరేగడి అడుగు తీసి అడుగు వేయనివ్వడం లేదు. సదాశివపేట వైపు పోయే రోడ్డుకి రెండు పక్కలా కంది చేలు పసుప్పచ్చగా విరగబూశాయి. ఒక్క చేను తప్ప. అక్కడ మొక్కలు కొమ్మకు కొమ్మ వేసి, రెమ్మకు రెమ్మ తొడిగి, చిట్టి చిట్టి ఆకులతో పొదల్లా గుబురుకట్టి, రోడ్డు మీంచి చూసినవాడు పైరంటే ఇదీ అనుకునేంత పచ్చగా నిలబడి ఉన్నాయి. దగ్గరికి పోతే పువ్వు లేదు. మొగ్గ లేదు. ఒక్క కాయ లేదు.

“సచ్చిందా అంటే సావలే సారూ. బతికిందా అంటే పూత లేదు. ఏం రోగం పట్టింది దీనికి?”

వ్యవసాయాధికారి ఒక ఆకు తుంచి ఎండకు ఎత్తిపట్టాడు. లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ కలగాపులగంగా మచ్చలు.

“వెర్రి తెగులు పటేలా. నల్లి తెస్తది.”

“నల్లి తెస్తదా? ఏం తెస్తది?”

ఆయన ఆకు కింద పడేశాడు. 1970ల్లో, 80ల్లో అప్పటి మెదక్ జిల్లా కంది చేలల్లో ఏ ఏడాదైనా వినిపించి ఉండే మాటలివి. ఆ ఆఖరి ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే కాదు, ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

అప్పటికే అది పాత కేసు. 1931లో బీహార్‌లోని పూసాలో మిత్ర అనే శాస్త్రవేత్త ఈ తెగులును మొదటిసారి నమోదు చేశాడు. మన రైతులు వెర్రి తెగులన్నారు, గొడ్డుమోతు తెగులన్నారు. శాస్త్రవేత్తలు పచ్చని ప్లేగు అన్నారు. విత్తిన 45 రోజుల లోపు సోకిందా, నూటికి 95 నుంచి 100 పాళ్లు పంట పోయినట్టే. 1952లో కపూర్ అనే ఆయన అంటుకట్టి చూశాడు. జబ్బు కొమ్మ నుంచి మంచి మొక్కకు తెగులు పాకింది. అంటే లోపల ఏదో ఉంది. 1962లో సేథ్ అనే ఆయన మోసుకొచ్చేవాణ్ణి పట్టాడు. కంటికి ఆనని ఒక నల్లి. 1966లో బెంగళూరు శాస్త్రవేత్త చన్నబసవణ్ణ దానికి అసేరియా కజాని అని పేరు పెట్టాడు. దొంగ దొరికాడు. సంచిలో ఏముందో మాత్రం తెలీలేదు.

1972లో పటాన్‌చెరు దగ్గర మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ మొదలైంది. అదే కాలంలో ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగగొట్టాలూ లేస్తున్నాయి. గాలి ఇటు తిరిగితే రసాయనాల ఘాటు, అటు తిరిగితే తడిసిన రేగడి వాసన. ఆ గాలి మధ్యన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వై.ఎల్. నెనె, ఎం.వి. రెడ్డి ఒక చిక్కు ముందు కూర్చున్నారు. తెగులును తట్టుకునే కంది రకం కావాలి. అది దొరకాలంటే వేల రకాలకు తెగులు అంటించి చూడాలి. అంటించడం ఎలా? జబ్బు ఆకు రసం తీసి మంచి కందికి రుద్దితే అంటుకోదు. నల్లిని ఒక్కొక్కటిగా పట్టి మొక్కమొక్కకీ వదలడం మనుషుల వల్ల అయ్యే పని కాదు.

జవాబు ఆఫీసు టేబుల్ మీద ఉంది.

స్టేప్లర్. తెగులు సోకిన ఆకు ఒకటి తుంచారు. అప్పుడే రెండాకులు విప్పిన లేత మొక్క దగ్గర కూర్చున్నారు. జబ్బు ఆకును మడిచి, దాని అడుగు భాగం లేతాకుకు ఆనేలా పెట్టి, నొక్కారు. టక్. పక్క మొక్క. టక్. తుంచిన ఆకు కాస్సేపటికి వడలడం మొదలవుతుంది, రసం ఇంకిపోతుంది, అందులో కాపురమున్న నల్లులు తిండి వెతుక్కుంటూ నాలుగు అంగలేస్తే కింద లేత పచ్చటి ఆకు సిద్ధంగా ఉంటుంది, అవి నోరు గుచ్చిన మరుక్షణం నుంచి ఆ మొక్క పరీక్షలో ఉన్నట్టే. 1976లో ఈ పద్ధతి అచ్చయింది. కోట్లు ఖర్చుపెట్టి కట్టిన సంస్థలో అంత పెద్ద మలుపు తిప్పింది ఒక స్టేప్లర్ అంటే నమ్మాలనిపించదు గానీ, నిజం.

పొలంలో ఇంకో ఎత్తు వేశారు. గాలి వచ్చే దిక్కున, తెగులుకు ఇట్టే లొంగిపోయే కందిని ముందుగానే కంచెలా నాటారు. దానికి తెగులు అంటించారు. నల్లులు పెరిగాయి. తర్వాత దాని వెనక వరసల్లో పరీక్ష రకాలు విత్తారు. ఇక గాలి పని గాలి చూసుకుంది. కొన్ని వారాలకే వరసలు రెండుగా చీలిపోయాయి. కొన్ని గుబురుకట్టాయి. కొన్ని పూశాయి. పూసినవాటికి గుడ్డపీలికలు కట్టి, విత్తనం తీసి, దేశంలో మిగతా కేంద్రాలకు పంపారు.

అక్కడే కథ అడ్డం తిరిగింది.

పటాన్‌చెరులో నిక్షేపంగా నిలబడ్డ రకాలు కొన్ని బెంగళూరులో కుప్పకూలాయి. ఒకచోట నిరోధం, ఇంకోచోట లొంగుబాటు. ఐసీపీ 2376 అనే రకం మరీ విచిత్రం. కొన్నిచోట్ల దాని ఆకుల మీద గుండ్రటి వలయాలు మాత్రం పడతాయి, మొక్క పెద్దదయ్యేకొద్దీ అవి మాయమై, కాపు మామూలుగానే వస్తుంది. ఎండు తెగులును జయించిందని రైతులు ఎగబడి వేసిన మారుతి, అంటే ఐసీపీ 8863, వెర్రి తెగులు ముందు ఒక్క సీజన్ కూడా నిలవదు. ఇంతలో నష్టం లెక్క తేలింది. దేశంలో ఏటా 2,05,000 టన్నుల కందులు ఈ ఒక్క తెగులు పాలవుతున్నాయని 1984లో అంచనా వేశారు. రకాలు మార్చి మార్చి వేస్తున్నారు. ఎందుకు పడిపోతున్నాయో చెప్పేవాడు లేడు.

అనుమానాలు రెండు. ఒకటి, ఊరికో రకం నల్లి ఉంది. పటాన్‌చెరు నల్లి వేరు, బెంగళూరు నల్లి వేరు. ఒక నల్లికి నచ్చని ఆకు ఇంకో నల్లికి నచ్చుతోంది. రెండోది, నల్లి ఒక్కటే, అది మోసే సరుకు వేరు. మొదటిది నిజమైతే నల్లిని ఓడించే కంది కావాలి. రెండోది నిజమైతే సరుకును ఓడించే కంది కావాలి. దారులు రెండు. తప్పు దారి పడితే ఇంకో ఇరవై ఏళ్లు గంగపాలు.

ఇలాంటి చిక్కు పక్క రాష్ట్రంలో ఒకసారి విడిపోయింది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడ్డాయి. తర్వాత అడవికి పోయొచ్చిన మనుషులకు జ్వరాలు, నెత్తురు కక్కుళ్లు. పుణె వైరస్ పరిశోధన కేంద్రం నుంచి టెల్ఫోర్డ్ వర్క్, హెరాల్డ్ ట్రాపిడో దిగారు. అడవి నేల మీద పిడుదుల్ని ఏరించారు. జాతులవారీగా వేరుచేయించారు. ఏ జాతి ఒంట్లో వైరస్ ఉందో చూశారు. హీమాఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదు దొరికిపోయింది. కొత్త వైరస్సూ దొరికింది. అక్కడ నెలల్లో తేలిన వ్యవహారం కంది విషయంలో ఏడు దశాబ్దాలు ఎందుకు నానింది? పిడుదు చేతికి దొరుకుతుంది. ఇది దొరకదు.

మైక్రోస్కోపు కింద ఆకు బోర్లా తిప్పి పెట్టండి. ముందు నూగు కనిపిస్తుంది. తెల్లటి వెంట్రుకల అడవి. ఫోకస్ తిప్పండి. వెంట్రుకల మొదళ్లలో ఏదో కదులుతుంది. రెండు కొసలా సన్నబడిన కదురులాంటి ఒళ్లు, ఒంటి నిండా సన్నటి ఉంగరాలు, పొడవు పావు మిల్లీమీటరు లోపే. పిడుదుకు ఎనిమిది కాళ్లు, దాయాదే అయినా దీనికి నాలుగే, అవీ తల దగ్గర. కళ్లు లేవు. రెక్కలు లేవు. గుడ్డు పగిలి పెద్దదవడానికి రెండు వారాలు కూడా పట్టదు. కందీ, దాని అడవి చుట్టాలూ తప్ప ఇంకో మొక్క ముట్టదు. ఆకు పైపొరలోకి మాత్రమే దిగేంత పొట్టి నోరు. అది తిన్నచోట మచ్చ కూడా పడదు. నడిచి పక్క చేనుకు పోలేదు. గాలి ఎత్తుకుంటే మాత్రం కిలోమీటర్లు పోతుంది. తెగులు సోకిన మొక్క మీద ఇంకా జోరుగా పెరుగుతుంది. ఈ ఊరి నల్లీ ఆ ఊరి నల్లీ పక్కపక్కన పెట్టినా కంటితో తేడా పట్టడం అసాధ్యం.

కంటితో కాకపోతే దేనితో?

1990ల చివర్లో ఈ ఫైలు కొత్తవాళ్ల చేతికొచ్చింది. ఇక్రిశాట్‌లో వైరాలజీ పెద్ద డి.వి.ఆర్. రెడ్డి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి పి. శ్రీనివాసులు, అదే తిరుపతిలో చదువుకున్న పి. లావా కుమార్. స్కాట్లాండ్‌లోని డండీ దగ్గర స్కాటిష్ పంటల పరిశోధనా సంస్థ నుంచి టీఫియన్ జోన్స్, బ్రయాన్ ఫెంటన్, జి.హెచ్. డంకన్. మెదక్ ఎండకీ డండీ చలికీ మధ్య నల్లుల నమూనాలు తిరిగాయి. భారత్‌లో వేర్వేరు చోట్ల నుంచి తెచ్చారు. నేపాల్ నుంచి, మయన్మార్ నుంచి తెచ్చారు.

నల్లిని రెండు రకాలుగా నిలదీశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒంటి ఉంగరాలు, వెంట్రుకలు, కాళ్ల చివర ఈకలాంటి గోరు, ఏదీ వదలకుండా చూశారు. ఇంకోపక్క డీఎన్ఏ తీశారు. జాతికీ జాతికీ మధ్య తేడా తొందరగా బయటపడే ముక్క ఒకటుంది, ఐటీఎస్ అంటారు. ఒక్క నల్లిలో ఉండే డీఎన్ఏ ఏపాటిది? పీసీఆర్ యంత్రంలో పెట్టి లక్షల కాపీలు తీస్తే తప్ప చదవడానికి రాదు. కాపీలు తీశారు. అక్షరాలు చదివారు. బెంగళూరు వరస పక్కన పటాన్‌చెరు వరస పెట్టారు. దాని పక్కన నేపాల్. దాని పక్కన మయన్మార్.

తేడా లేదు.

ఒకే జాతి. ఉపఖండం అంతటా తిరుగుతున్నది ఒకే ఒక్క అసేరియా కజాని. 2001లో ఈ ఫలితం అచ్చయింది. ఊరికో నల్లి అన్న అనుమానం అక్కడితో కొట్టుకుపోయింది. రకాల్ని పడగొడుతున్నది మోసేవాడు కాదు, మోత. ఆ మోతను దశాబ్దాలుగా ఒక్కరూ చూడలేకపోయారు.

చూడటానికి ప్రయత్నించనివారు లేరు. బూజు కాదు. బ్యాక్టీరియా కాదు. వైరసే అయితే కణం కనపడాలి. ఎన్నిసార్లు వడపోసినా కనపడలేదు. పొగాకు మొజాయిక్ వైరస్ కణం మందం 18 నానోమీటర్లు, గట్టి కడ్డీలా ఉంటుంది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దాచినా దాగదు. ఇది అలాంటిది కాదు. వడపోత పద్ధతి మార్చి మార్చి, శుద్ధి చేసిన ద్రవం జాలీ మీద వేసి చూసినప్పుడు పోగులు కనిపించాయి. 3 నుంచి 10 నానోమీటర్ల మందం. మెలికలు మెలికలు. ఎక్కడ మొదలో ఎక్కడ తుదో తెలీని పోగులు. పొడవు కొలవడం కుదర్లేదు. వాటితోపాటు 32 కిలోడాల్టన్ల ప్రొటీన్ ఒకటి, ఆర్ఎన్ఏ ముక్కలు అయిదు నుంచి ఏడు. జబ్బు మొక్కలో ఉన్నాయి. మంచి మొక్కలో లేవు.

నల్లి ఫలితం కంటే ముందే, 2000లో ఆ మాట బయటపెట్టారు. పోగులు కనిపించినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.

రుజువుకు మూడు తలుపులు తట్టారు. మొదటిది, ఆస్ట్రేలియా అడవి పొగాకు. కందికి రుద్దితే అంటని రసం ఆ మొక్కకు అంటింది. అందులోనూ అవే పోగులు. రెండోది, ప్రతిరక్షకాలు. శుద్ధి చేసిన వైరస్‌తో ప్రతిరక్షక ద్రవం తయారుచేసి, ఎలీసా అనే పరీక్ష పళ్లెం గుంటల్లో జబ్బు మొక్కల రసం, మంచి మొక్కల రసం పోసి ఆగారు. జబ్బువి పసుపుపచ్చకు తిరిగాయి. మంచివి తిరగలేదు. మూడోది నల్లి. వైరస్ మోస్తున్న నల్లులు వదిలిన కందికి తెగులొచ్చింది, పరీక్షలో వైరస్ దొరికింది. వైరస్ లేని నల్లులు అదే కందిని ఎంత తిన్నా ఏమీ కాలేదు. 2003లో ‘ఫైటోపాథాలజీ’ పత్రికలో మొత్తం వ్యవహారం అచ్చయింది. పిజియన్‌పీ స్టెరిలిటీ మొజాయిక్ వైరస్. పూసాలో మొదటి ఫిర్యాదు నమోదైన 72 ఏళ్లకు.

ఈలోగా బెంగళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వి. మునియప్ప, ఎన్.కె. కులకర్ణి, ఇక్రిశాట్ బృందంతో కలిసి నల్లి నేర విధానాన్ని నిమిషాలతో సహా లెక్కకట్టారు. జబ్బు ఆకు మీద 15 నిమిషాలు తింటే చాలు, వైరస్ ఎక్కుతుంది. మంచి ఆకు మీద 90 నిమిషాలు తింటే చాలు, దిగుతుంది. ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, కొన్ని గంటలే. తల్లి నుంచి గుడ్డుకు పోదు. మొక్కకు ఒక్క నల్లిని వదిలితే సగం మొక్కల దాకా జబ్బుపడ్డాయి, గరిష్ఠం 53 శాతం. అయిదుకు మించి వదిలితే నూటికి నూరు.

అయిదారు నల్లులు చాలు. ఒక్క ఆకు మీద వందలుంటాయి.

మరి ఊరూరికీ తేడా? వైరస్‌లోనే. పటాన్‌చెరుది కాస్త మెతక. బెంగళూరుది, కోయంబత్తూరుది కరుకు. మెతకదాని దగ్గర పాసైన రకం కరుకుదాని దగ్గర ఫెయిలయింది. అంటే పటాన్‌చెరు పొలంలో ఏళ్ల తరబడి పెట్టిన పరీక్ష తప్పు కాదు, ప్రశ్నపత్రమే తేలిక. ఇది తెలిశాక రకాల వడపోత మారింది. మూడు చోట్లా నిలిచినదే నిలిచినట్టు. అలా నిలిచినవాటిలో మధ్యప్రదేశ్ నుంచి సేకరించిన ఐసీపీ 7035 అనే నాటు రకం ఒకటి.

ఫైలు మూసేశారనుకున్నారు. మూయలేదు.

2014లో ఇటలీలోని బారిలో ఎల్బియానో బృందం, పటాన్‌చెరుకు చెందిన హరి సుదినితో కలిసి, వైరస్ జన్యుక్రమాన్ని మొత్తంగా చదివింది. అయిదు ఆర్ఎన్ఏ ముక్కలు. కొత్తగా ఏర్పడ్డ ఎమారావైరస్ అనే ప్రజాతిలో ఇమిడింది. అమెరికాలో గులాబీలను మాడ్చేదీ, అంజూరకు మచ్చలు తెచ్చేదీ ఈ ప్రజాతివే. వాటినీ ఇలాంటి నాలుగు కాళ్ల నల్లులే మోస్తాయి. మరుసటి ఏడాది అదే బృందం మొజాయిక్ పట్టిన కందిలో ఇంకో క్రమం చదివింది. ఈసారి ముక్కలు ఆరు. అది మొదటి వైరస్ రూపాంతరం కాదు. వేరే వైరస్. సంచిలో ఉన్నది ఒకటి కాదు, రెండు. ఒక మొక్కలో ఏదో ఒకటి ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు.

దేశం ఇప్పటికీ మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి కందులు తెప్పించుకుంటోంది. జహీరాబాద్, నారాయణఖేడ్ రేగళ్లలో ఇవాళ్టికీ కంది వేస్తున్నారు. నల్లి అక్కడే ఉంది. ఎండాకాలం చేలు ఖాళీ అయినప్పుడు దానికి ఆశ్రయం ఇచ్చేది మనమే. పెరట్లో ఏళ్ల తరబడి ఉంచుకున్న కంది చెట్టు, గట్టు మీద కోసిన మోడు నుంచి మళ్లీ చిగిర్చిన కంది, నీళ్ల కాలువ పక్కన తనంతట తాను మొలిచిన కంది. జూన్‌లో కొత్త చేను మొలిచేదాకా నల్లి, వైరస్ రెండూ అక్కడే కాలక్షేపం చేస్తాయి. గాలి లేచాక కొత్త చేనులోకి దిగుతాయి.

కాబట్టి కంది వేసే రైతులు మూడు పనులు చేయండి. వానాకాలం విత్తనానికి ముందే గట్టు మీది, పెరట్లోని పాత కందిని వేళ్లతో సహా పీకేయండి. విత్తనం కొనేటప్పుడు ఎండు తెగులుకే కాదు, వెర్రి తెగులుకూ తట్టుకుంటుందా అని అడగండి. 1993లో విడుదలైన ఆశ, అంటే ఐసీపీఎల్ 87119, రెండింటికీ తట్టుకునే రకంగానే వచ్చింది, అయినా మీ ప్రాంతంలో ఎలా నిలుస్తోందో వ్యవసాయాధికారిని అడిగే తీసుకోండి. మొలిచిన మొదటి 45 రోజులు వారానికోసారి చేనంతా తిరగండి. ఆకు చిన్నదై, మచ్చలు పడి, మొక్క గుబురుకడుతుంటే పూస్తుందేమోనని చూడొద్దు, అది పూయదు. పీకి చేను బయట తగలబెట్టండి. చుట్టుపక్కల మొక్కల మీద లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకం కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. నల్లి ఉండేది అడుగునే.